ఎత్తి ఎత్తి వచ్చిన నొప్పి అనుకున్నాం

ఆస్పత్రిలో మగ నర్సుకు పేరుండదు. ఆడవాళ్లకు సిస్టర్ పక్కన ఒక పేరైనా తగిలిస్తారు. కోలారులో నేను పనిచేసిన ప్రైవేటు ఆస్పత్రిలో మగ నర్సులం ఇద్దరమే, ఒకరు పగలైతే ఒకరు రాత్రి. కాబట్టి పేరు అవసరమే పడలేదు. వార్డులో ఎవరైనా “బ్రదర్” అని కేకేస్తే అది నాకే. ఆ కేక ముఖ్యంగా రెండు పనులకు వచ్చేది. మొదటిది, మగ రోగి పంచె విప్పాల్సిన పని. మూత్రం ఆగిపోయినవాడికి గొట్టం వేయాలన్నా, ఎనిమా ఇవ్వాలన్నా, హెర్నియా ఆపరేషనుకు ముందు గొరగాలన్నా సిస్టర్లు కర్టెన్ బయటే ఆగి నన్ను పిలిచేవారు. రోగులూ అంతే, బ్రదర్ వచ్చేదాకా ఆగుతామని మొండికేసేవారు. రెండోది ఎత్తే పని. మంచం మీంచి స్ట్రెచర్ మీదికి, స్ట్రెచర్ మీంచి ఎక్స్‌రే బల్ల మీదికి, కొందరినైతే వార్డులోంచి మార్చురీకి.

ఒక మనిషిని ఎత్తాలంటే ఇంతమంది ఉండాలి, ఇలా నిలబడాలి అని కాలేజీలో నేర్పారు. వార్డులో ఆ పాఠం ఎవరికీ గుర్తుండదు. “బ్రదర్ ఉండాడు కదా” అని అందరూ ఒక అడుగు వెనక్కి వేసేవారు. నేను ఒక అడుగు ముందుకు వేసేవాణ్ణి. నాకూ అది గర్వంగానే ఉండేది, లేదనను. టమాటా మార్కెట్లో బాక్సులు మోసే హమాలీని కూడా ఒక్కణ్ణే మంచం మార్చేవాణ్ణి.

ఇప్పుడు చేతికర్ర సాయంతో నిలబడగలుగుతున్నాను. మాత్రలు ఇంకా కొన్ని నెలలు మింగాలి. ఉద్యోగం లేదు. పగలంతా ఇంట్లోనే ఉంటాను కాబట్టి జరిగింది రాద్దామని కూర్చున్నాను. రాస్తే మనసు కాస్త కుదుటపడుతుందేమోనని ఒక ఆశ. నడుం మీద చెయ్యి పెట్టుకుని డ్యూటీ చేస్తున్న బ్రదర్ ఎవరైనా చదివి ముందే జాగ్రత్తపడతాడేమోనని ఇంకో ఆశ. రెండూ తీరకపోతే పోనీ, పొద్దన్నా గడుస్తుంది.

మా ఇల్లు కోలారు బంగారు గనుల దగ్గర ఊరిగాంలో. మైను కంపెనీ కట్టించిన లైన్ ఇళ్లలో ఒకటి. ముందు గది, వెనక గది, వంటకు ఒక మూల, బయట తడిక కట్టిన వసారా. గాలి లేచిందంటే బంగారం తీసేసి పారబోసిన సైనైడ్ దిబ్బల దుమ్ము గిన్నెల్లోకి వస్తుంది. ఆ ఇంట్లో నాయన, నేను, నా భార్య సుజాత, మా నాలుగేళ్ల పాప. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. సుజాత కూడా ఆ లైన్లోనే పెరిగిన పిల్ల, చిన్నప్పట్నుంచీ నన్ను నువ్వు అనే అంటుంది.

నాయన మైను మూతపడేదాకా అండర్‌గ్రౌండులో డ్రిల్లింగు పని చేశాడు. ఆ రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి అప్పట్నుంచీ దగ్గు. మా లైన్లో ఆ వయసు మగవాళ్లలో చాలామందికి ఉందది. మైను దగ్గు అంటారు. పొద్దున్నే ఒక ఇంట్లో మొదలైతే వరసగా అన్ని ఇళ్లలోనూ వినిపిస్తుంది. దానికని డాక్టరు దగ్గరికి ఎవరూ పోరు.

నేను నర్సింగులో చేరతానన్నప్పుడు లైన్లో నవ్వినవాళ్లున్నారు. నాయన నవ్వలేదు. “మేము రాయి మోసినాము. నువ్వు మనుషుల్ని మోస్తావు. రాయి మాట్లాడదు, మనిషైతే ఒక మంచి మాటన్నా అంటాడు. పోప్పా” అన్నాడు.

చలికాలం

నొప్పి చలికాలంలో మొదలైంది. వీపు మధ్యలో, వేలు పెట్టి చూపించగలిగినంత చోట. పడుకుంటే తగ్గాల్సింది, తగ్గలేదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఒళ్లు వెచ్చగా ఉండేది. ప్యాంటు వదులైంది. చొక్కా తడిసి వీపుకు అతుక్కుని ఉండటం చూసి సుజాత అడిగింది.

“ఈ చలిలో నీకు చెమటలేమి?”

“బస్సులో కిక్కిరిసి వచ్చినాను కదా.”

“బస్సులో వచ్చినోళ్లందురికీ పడతా ఉండాదా?”

నేను అన్నానికి కూర్చున్నాను. కూర్చోవడానికే గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

ఆస్పత్రిలో నాతో కలిసి పనిచేసే గిరిజ సిస్టర్‌ది మాలూరు దగ్గర లక్కూరు. రాగులు, పాడి ఉన్న ఇంటి పిల్ల, మాట సూటిగా ఉంటుంది. మధ్యాహ్నం అన్నాలప్పుడు నేను టేబుల్ మీద వాలిపోతే చూసి, “ఇది ఎత్తి ఎత్తి వచ్చిండే నొప్పి. ఒక వారం ఎవుర్నీ ఎత్తొద్దు బ్రదర్” అంది.

“ఇంగెవురు ఎత్తుతారు సిస్టర్?”

“అదీ నిజమే” అని నొప్పి సూది వేసింది. ఆ తర్వాత అది అలవాటైపోయింది. నొప్పి ఎక్కువైన రోజు ఆమె అడగకుండానే సూది తీసేది. ఎముకల డాక్టరు కారిడార్లో ఎదురైతే చెప్పాను. ఆయన నడుస్తూనే నా వీపు మీద తట్టి, “బ్రదర్లకి అందరికీ ఉండేదే, బెల్టు కట్టుకో” అన్నాడు. కట్టుకున్నాను. బెల్టు కట్టుకుని మళ్లీ ఎత్తాను.

సాయంత్రం జ్వరం, చెమట, బరువు తగ్గడం, తగ్గని నొప్పి. ఈ నాలుగూ ఒక రోగి వచ్చి చెప్పి ఉంటే ఫలానా పరీక్ష చేయించమని డాక్టరుకు నేనే గుర్తు చేసేవాణ్ణి. కానీ మా దగ్గర కొన్ని నొప్పులకు ముందే పేరు పెట్టేసి ఉంటుంది. పేరున్న నొప్పిని ఎవరూ మళ్లీ పరీక్ష చేయరు. బ్రదర్‌కు నడుం నొప్పి వస్తే అది ఎత్తినందుకే, ముసలి మైను కార్మికుడు దగ్గితే అది దుమ్ముకే. నేను, గిరిజ, ఎముకల డాక్టరు, ముగ్గురమూ చదువుకున్నవాళ్లమే. ముగ్గురమూ అట్లాగే అనుకున్నాం.

ఎండాకాలం

కోలారు బస్టాండులో ఒకరోజు పొద్దున బస్సు దిగి నడుస్తున్నాను. వెనకనుంచి పూలమ్మే ఆమె కేకేసింది.

“ఓ అన్నా, నీ చెప్పు ఆడ పడిపోయిండాది చూడు.”

కిందికి చూస్తే కుడికాలికి చెప్పు లేదు. ఊడిపోయిన సంగతి నాకు తెలియలేదు. ఎండకు కాలిపోతున్న తారు మీద ఒట్టి కాలు ఆనించి నిలబడి ఉన్నాను, ఆ వేడి కూడా తెలియడం లేదు. అప్పుడు భయం వేసింది. ఆ భయం ఎలాంటిదంటే, వెనక్కి వెళ్లి చెప్పు తెచ్చుకోవాలని కూడా తోచలేదు. ఆ పూలామే తెచ్చి కాలి ముందు పెట్టింది.

ఆ రోజే మా ఆస్పత్రిలో స్కాన్ తీశారు. నేను డ్యూటీ డ్రెస్సులోనే మిషన్లో పడుకున్నాను. వెన్నెముకలో టీబీ. రెండు ఎముకలు పుచ్చిపోయి, చీము నరాన్ని నొక్కుతోంది. బెంగళూరు పెద్దాస్పత్రికి ఇప్పుడే తీసుకుపొమ్మన్నారు. గిరిజ సిస్టర్ ఫిల్ము చూసి బయటికి వెళ్లిపోయింది. కాసేపటికి ముఖం కడుక్కుని వచ్చి, “నొప్పి కనబడకుండా సూదులేసి కప్పేసింది నేనే” అంది. “నేను చెయ్యి చాపితేనే కదా నువ్వు వేసింది” అన్నాను.

బెంగళూరు ఆస్పత్రి కారిడార్లో స్ట్రెచర్ మీద చాలాసేపు ఉన్నాను. ఎంతమందిని అట్లా కారిడార్లలో వదిలి ఇంకో పనికి పోయానో. పడుకుని చూస్తే ఆస్పత్రి వేరుగా ఉంటుందని అప్పుడు తెలిసింది. పైకప్పు, ఫ్యాన్ల మీద మసి, పోయేవాళ్ల గడ్డాలు, ఇవే కనబడతాయి. మాటలు మన గురించే, కానీ మనతో కాదు. తోసేవాడు దొరక్క సుజాతే స్ట్రెచర్ తోసింది. మలుపు దగ్గర చక్రం ఇరుక్కుంటే పక్క బెంచీ మీదున్న ఒక ముసలాయన లేచి, తన చేతికి సెలైన్ సూది ఉన్నా రెండో చేత్తో పట్టి లాగాడు. ఆయన పేరు అడగలేదు.

వార్డులో నన్ను నలుగురు ఎత్తి మంచం మీద వేశారు. నలుగురు. నేను దిండు మీద తల పక్కకు తిప్పుకున్నాను, సుజాత చూడకుండా.

మర్నాటికి నడుం కింద ఏదీ నాది కాకుండా పోయింది. మూత్రం ఆగిపోయింది. డ్యూటీ సిస్టర్ నడివయసు మనిషి, పేరు శాంతమ్మ. పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి, గొట్టం వెయ్యాలి అంది కన్నడంలో. “ఈ అంతస్తుకు ఒకే బ్రదర్ ఉన్నాడు. ఆపరేషన్ థియేటర్లో ఇరుక్కుపోయాడు. వచ్చేదాకా ఆగుతారా?”

ఆగుతానన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత తొందరగా వచ్చిందో నాకే ఆశ్చర్యం. ఆగాను. చూడటానికి వచ్చేవాళ్ల వేళ అయింది, వార్డంతా క్యారియర్లు, పిల్లలు. కాలికి వేడి తెలియని నాకు ఆ ఉబ్బిన పొట్ట మాత్రం తెలుస్తూనే ఉంది. చెమటలు పట్టాయి. “సిస్టర్‌నే వెయ్యమని చెప్పనా?” అని సుజాత రెండుసార్లు అడిగింది. తల అడ్డంగా ఊపాను. ఇన్నేళ్లు ఎంతమంది మగవాళ్లకు చెప్పానో, నొప్పి దగ్గర సిగ్గేమిటి పెద్దాయనా అని. వాళ్లు నన్ను చూసి ఎందుకంత తేలిగ్గా ఊపిరి పీల్చుకునేవారో ఆ మంచం మీద అర్థమైంది. వాళ్లకు కావాల్సింది నా పనితనం కాదు, నేను మగవాణ్ణి కావడం.

శాంతమ్మ సిస్టర్ మళ్లీ వచ్చింది. ఈసారి అడగలేదు. తెర లాగి, ట్రే పెట్టుకుని, చేతికి గ్లవ్స్ తొడుక్కుంటూ, “కోలారు కదా మీది? ఇప్పుడు టమాటా మార్కెట్ ఎట్లా ఉంది?” అంది.

నాకు మార్కెట్ సంగతులు పెద్దగా తెలియవు. అయినా చెప్పాను. ఈ ఏడు కాయ బాగా వచ్చిందని, కొనేవాడు లేడని, రోడ్డు పక్కన పారబోస్తున్నారని. ఆమె ఊ కొడుతూ, చారుకు నాటు టమాటానే బాగుంటుందంది. అంతలో పని అయిపోయింది. పొట్ట దిగుతుంటే నాకు కన్నీళ్లు ఆగలేదు. ఆమె ట్రే సర్దుకుని, తెర తీయకుండా కాసేపు అక్కడే నిలబడి వేరే రోగి చార్టు చూస్తున్నట్టు చూసింది. నా ముఖం ఎండాక తెర తీసింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేనా పని ఎవరికీ చేయలేదు. పని కాగానే ఇంకో మంచానికి పరుగెత్తేవాణ్ణి.

ఆపరేషన్ చేసి ఎముకలకు రాడ్లు వేశారు. తర్వాత ఒకరోజు పెద్ద డాక్టరు రౌండ్సులో వేలితో నా కాలి బొటనవేలు కదిపి, “నిలబడతావు. మెల్లగా నడుస్తావు కూడా. బరువు మాత్రం ఇంకెప్పుడూ ఎత్తకూడదు” అన్నాడు.

“నేను నర్సుని సార్” అన్నాను.

“తెలుసు, అందుకే నీకు గట్టిగా చెప్తున్నా” అని పక్క మంచానికి వెళ్లాడు. నిలబడతావన్న మాటకు సుజాత చేతులు జోడించింది. నాకు రెండో మాటే చెవిలో ఉండిపోయింది. మళ్లీ వార్డులోకి పోగలనా లేదా, అదొక్కటే. నాకు వచ్చిన పని అదే. ఇంకోటి రాదు.

వానలు

ఇంటికి వచ్చేసరికి వానలు మొదలయ్యాయి. ఇల్లు జరగాలి కాబట్టి సుజాత బెంగళూరులో గార్మెంట్స్ పనికి కుదిరింది. పొద్దున్నే రైలెక్కితే చీకటిపడ్డాక ఇంటికి. రైల్లో సీటు దొరకదు, నిలబడే పోయి నిలబడే వస్తుంది. ఇంటికొచ్చాక నా మీద విసుక్కునేది. నేనూ విసుక్కునేవాణ్ణి. గ్లాసు దూరంగా పెట్టిందని ఒకరోజు గోడకేసి కొట్టాను. ఆమె ముక్కలు ఏరి, పాపకు జడ వేసింది.

పగలు నన్ను చూసుకున్నది నాయన. వీపుకు బెల్టు, మెడ నుంచి నడుం దాకా ఒళ్లు మెలి తిరగకుండా ఒకేసారి పక్కకు తిప్పాలి. ఎట్లా తిప్పాలో నేను పడుకునే చెప్పాను. ఒక చెయ్యి భుజం మీద, ఒకటి పిర్ర మీద. నాయన ఒక్కసారికే పట్టేశాడు.

“అండర్‌గ్రౌండులో బండ పడినోళ్లని ఇట్లే తెచ్చేవాళ్లం. నడుం విరిగినోడిని మడిస్తే వాడు ఇంగ లేయడు” అన్నాడు.

“ఎవురు నేర్పినారు నీకు?”

“ఎవురు నేర్పేది? ఒగర్ని మడిచి చంపుకున్నాక తెలిసింది.”

బెడ్‌పాన్ పెట్టేవాడు, తీసేవాడు. మొదటిరోజు నేను ముఖం గోడ వైపు తిప్పుకుంటే, “నువ్వు పుట్టినప్పుడు మీయమ్మకి జ్వరం. అప్పుడు కడిగినోణ్ణి నేనే. ఇప్పుడేమి కొత్త?” అన్నాడు. తిప్పేటప్పుడు ఆయన ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఉండేది. బిగపట్టిన దగ్గు ఆయన ఛాతీలో గరగరలాడటం వినబడేది. నన్ను మంచం మీద సర్దిపెట్టి, దగ్గడానికి వసారాలోకి పోయేవాడు.

ఆరోగ్య కార్యకర్త ఇంటికొచ్చి, టీబీ ఉన్న ఇంట్లో అందరూ కళ్లె పరీక్ష చేయించుకోవాలని చెప్పి, తలా ఒక డబ్బా ఇచ్చింది. సుజాత చేయించుకుంది. పాపనూ చూపించాం. నాయన డబ్బా తీసుకుని అలమారలో పెట్టేశాడు.

“నాదేమి పరీక్ష? ఇది మైను దగ్గు. మైను మూసేసినా ఇది మూసుకోలే.”

“ఒగసారి ఇయ్యి నాయనా. పోయేదేముంది?”

“వస్తే ఏమి చేస్తావు నువ్వు, లేచి నాకు వైద్యం చేస్తావా?”

చాలా రోజులు వాదించాం. చివరికి సుజాత రైలుకు పోయే ముందు ఆయన ముందు నిలబడి, “పాప నీ పక్కన్నే పండుకుంటాది మామా” అంది. అంతే. ఆ పొద్దున్నే డబ్బాలో కళ్లె ఉమ్మి ఇచ్చాడు.

నాయనకు టీబీ ఉంది. ఎప్పట్నుంచి ఉందో ఎవరూ చెప్పలేరు. మైను దుమ్ము పట్టిన ఊపిరితిత్తుల్లో అది తేలిగ్గా చేరుతుందని నేను పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. ఆ ఇంట్లో ఆ దగ్గు వింటూ పెరిగి, ఆ దగ్గు వింటూ డ్యూటీకి పోయి వచ్చాను.

పాపను బంగారుపేటలో సుజాత అక్క ఇంటికి పంపాం. రోగం రాకుండా దానికి ముందుజాగ్రత్త మాత్రలు ఇచ్చారు. ఆటో ఎక్కేటప్పుడు అది తాతకు చెయ్యి ఊపింది. తాత తడిక వెనకనుంచి చూశాడు, బయటికి రాలేదు.

ఆ రోజు నుంచే చాప, దుప్పటి తీసుకుని వసారాలోకి మారిపోయాడు. నన్ను తిప్పాల్సినప్పుడు మాత్రం మూతికి తువ్వాలు కట్టుకుని వచ్చేవాడు. ఒకరోజు తిప్పి, దుప్పటి సర్ది, పోకుండా నిలబడ్డాడు.

“ఏమప్పా, ఇది నానుంచి నీకొచ్చిందా?”

“తెలియదు నాయనా. ఆస్పత్రిలో ఎంతమంది టీబీ వాళ్లని ఎత్తినాను, మాస్కు కూడా లేకుండా. ఆడ్నే వచ్చిండచ్చు.”

“వచ్చిండచ్చు అంటే?”

“ఎవురూ కనిపెట్టలేరు.”

ఆయన తువ్వాలు సరిచేసుకున్నాడు. “నువ్వు నర్సు మాదిరి మాట్లాడతా ఉండావు. కొడుకు మాదిరి చెప్పు” అన్నాడు.

నిజంగానే తెలియదు. ఆస్పత్రి అయినా కావచ్చు, ఇల్లయినా కావచ్చు. ఆయన కాసేపు ఎదురుచూసి వసారాలోకి వెళ్లిపోయాడు. ఆ రోజు నేను ఏదైనా ఒక అబద్ధం గట్టిగా చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

దసరా దాటాక

దసరా దాటాక వాకర్ పట్టుకుని లేచాను. కాళ్లు వణికాయి కానీ నిలబడ్డాయి. దీపావళి నాటికి కర్రతో గడప దాకా పోగలిగాను. నాయన అప్పటికి మందులు మింగుతున్నాడు. దగ్గు తగ్గింది గానీ ఊపిరి తగ్గిపోయింది. వసారాలో నులక మంచం మీద కూర్చుని, నేను గడప దగ్గరికి రాగానే ఎంత దూరం నడిచానో చూసి తల ఊపేవాడు. నేను పడుకున్నన్నాళ్లూ ఆయన లేచి తిరిగాడు. నేను లేచే కొద్దీ ఆయన పడుకున్నాడు.

కోలారు ఆస్పత్రికి వెళ్లాను. గిరిజ సిస్టర్ బస్టాండుకే వచ్చి, నా సంచి తీసుకుని నా నడకతో నడిచింది. నర్సింగ్ సూపరింటెండెంట్ మేడం మంచి మనిషి. కుర్చీ వేయించింది, టీ తెప్పించింది. ఆ మర్యాదకే నాకు విషయం అర్థమైంది. ఆమె గదిలో అంతకు ముందు నేనెప్పుడూ కూర్చోలేదు.

“నిన్ను వద్దనేది కాదప్పా. కానీ బ్రదర్ అని ఒగర్ని పెట్టుకునేదే ఎత్తేదానికి, పట్టుకునేదానికి. సూదులకి, మందులకి సిస్టర్లు ఉండారు కదా.”

“క్యాథెటర్లు వేస్తాను మేడం. డ్రెస్సింగులు చేస్తాను. చేతులు బాగుండాయి.”

“పేషెంటు మంచం మీంచి పడబోతే?”

పడబోయే మనిషిని చూస్తే నేను ఆలోచించకుండా పట్టుకుంటాను. పట్టుకుంటే నా వీపు పోతుంది. ఆమెకూ ఆ సంగతి తెలుసు. ఆడవాళ్ల వార్డులో వేద్దామంటే ఆడ రోగులు మగ నర్సును ఒప్పుకోరు. టీ మాత్రం తాగి లేచాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను. మగవాణ్ణి కాబట్టి సగం నర్సింగు ముందే నాది కాదు. ఎత్తలేను కాబట్టి మిగిలిన సగం కూడా పోయింది. కాళ్లు వచ్చాయని సుజాత చర్చిలో కృతజ్ఞతలు చెప్పుకుంది. నేనూ పక్కన నిలబడ్డాను గానీ ఆ కాళ్లతో యాడికి పోవాలో తెలియలేదు.

క్రిస్మస్ ముందు

క్రిస్మస్‌కు కొన్ని రోజుల ముందు, ఒక పొద్దున నాయన కాఫీ తాగి మంచం మీద ఒరిగాడు. నేను లోపల ఉన్నాను. చాలాసేపు దగ్గు వినబడకపోతే కర్ర తీసుకుని వెళ్లి చూశాను. అలవాటు కొద్దీ వేళ్లు మెడ మీద పెట్టాను. ఎంతసేపు పెట్టినా ఏమీ తెలియలేదు.

సుజాత ఆ రోజు పనికి పోలేదు. లైన్లోని మగవాళ్లంతా వచ్చి ఇంటి ముందు నిలబడ్డారు. మా లైన్లో మగవాళ్లు పోతే కడగడం, బట్టలు తొడగడం పక్కింటి మగవాళ్లే చేస్తారు. ఎవరి ఇంట్లోనైనా అదే పద్ధతి, చెప్పి పిలవాల్సిన పని లేదు. ఆ రోజు ఎవరూ వసారా మెట్టు ఎక్కలేదు. నాయనతో ఒకే షిఫ్టులో దిగిన పీటర్ మామ తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, “రోగం మంచిది కాదు కదప్పా. ఆస్పత్రి వాళ్లనెవురినైనా పిలిపిస్తామా?” అన్నాడు.

కోపం వచ్చింది. కానీ ఆయన వెళ్లిపోకుండా మెట్టు దగ్గరే నిలబడ్డాడు. అది భయమే గానీ అసహ్యం కాదు.

“నెలల నుంచి మందులు మింగతా ఉండాడు మామా. అంటదు. నేను చేస్తాను” అన్నాను.

“వంగకూడదని చెప్పినారు కదా” అంది సుజాత.

“వంగను. స్టూలు ఎయ్యి. నీళ్లు వెచ్చగా పెట్టు.”

మంచం పక్కన కూర్చున్నాను. చేతుల పని నేను మరిచిపోలేదు. “నాయనా, ముఖం తుడుస్తా ఉండాను” అని చెప్పి తుడిచాను. ఏం చేయబోతున్నామో మనిషికి చెప్పకుండా చేయకూడదు, చనిపోయినా సరే. మార్చురీకి తీసుకుపోయే ముందు ముక్కు మొహం తెలియనివాళ్లకు కూడా అట్లాగే చెప్పి చేసేవాణ్ణి. కళ్లు మూశాను. గడ్డం కింద గుడ్డ కట్టాను. చేతులు, పొట్ట, కాళ్లు కడిగాను. గోళ్లలో ఇంకా ఏదో నల్లటి మట్టి ఉంది, ఎంత రుద్దినా పోలేదు, వదిలేశాను. ఈ ఒళ్లు నన్ను ఎన్ని నెలలు తిప్పిందో గుర్తొచ్చి చేతులు ఆగాయి. మళ్లీ గుడ్డ ముంచాను.

ఇంక వీపు కడగాలి. దానికి పక్కకు తిప్పాలి. అది నా వల్ల కాదు. “నాయనా, ఒగ నిమిషం” అని చెప్పి, మెట్టు దగ్గరున్నవాళ్ల వైపు చూసి, “ఇద్దురు రావల్ల” అన్నాను.

పీటర్ మామ తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. చెప్పులు విడిచి మెట్టెక్కాడు. ఆయన వెనక ఇంకొకరు, ఆ వెనక మరో ఇద్దరు. ఎక్కడ చెయ్యి పెట్టాలో చెప్పాను, పెట్టారు. తిప్పారు. నేను వీపు కడిగి తుడిచాను. తెల్ల చొక్కా, పెళ్లినాటి కోటు తొడిగాం.

శవపెట్టె తెచ్చి మంచం పక్కన దించారు. మంచం మీంచి పెట్టెలోకి మార్చాలి. నలుగురూ నాలుగు వైపులా నిలబడి, ఎవరికి తోచినట్టు వాళ్లు పట్టుకోబోయారు.

“ఆగండి. ఒగరు ముందు, ఒగరు వెనక ఎత్తొద్దు” అని కర్ర ఊతంతో లేచి తలవైపు నిలబడ్డాను. “భుజాల కింద నువ్వు మామా. నడుం కింద మీ ఇద్దురూ చేతులు కలపండి. కాళ్ల కింద నువ్వు. నడుము వంచొద్దు, మోకాళ్లు వంచండి. నేను చెప్పినప్పుడు అందురూ ఒగేసారి.”

వంగారు. నలుగురి చేతులూ నాయన కిందికి పోయాయి.

“నాయనా, ఎత్తుతా ఉండాం” అన్నాను. “ఒకటి. రెండు.”

మూడు అనడానికి కొంచెం సేపు పట్టింది. వాళ్లు తొందరపెట్టలేదు. మోకాళ్లు వంచి, నా ముఖం చూస్తూ అట్లాగే ఆగారు.

చెప్పాను. ఎత్తారు.